చేగుంట దారిలో ఇల్లు: గజము ధర, వడ్డీ ధర

సికింద్రాబాదునుండి నాగపూరు పోవు జాతీయ రహదారిమీద ఉత్తరముగా బయలుదేరినచో కొంపల్లి, మేడ్చల్, మనోహరాబాదు, తూప్రాను, మాసాయిపేట దాటిన పిమ్మట చేగుంట వచ్చును. నగరమునుండి అరువది కిలోమీటర్ల పైచిలుకు దూరము. ఈ రహదారికి ఇప్పుడు 44వ సంఖ్య వేసినారు గాని, వెనుకటివారు నేటికిని ఏడవ నంబరు రోడ్డనియే అందురు. చేగుంటకు దాపుననే వడియారం రైల్వే స్టేషను ఉన్నది. అద్దె ఇంటిలో విసిగిన నగరవాసి ఈ దారి పట్టుటకు కారణము ఒక్కటే. కిలోమీటరు రాళ్లు పెరిగిన కొలది గజము ధర తగ్గును. కొంపల్లిలో ధర విని నోరు మెదపలేనివాడు తూప్రానులో బేరమాడును. తూప్రానులో బేరము కుదరనివాడు చేగుంటలో ఆగి ఊపిరి పీల్చుకొనును.

ఇటీవల తూప్రానులో కూడ బేరము కష్టమైనది. సంగారెడ్డి, నర్సాపూరు, తూప్రాను, గజ్వేలు, భువనగిరి, చౌటుప్పలులను కలుపుచు ప్రాంతీయ వలయ రహదారి ప్రతిపాదింపబడినది గదా. రోడ్డు పేరు వినబడినంతనే రేపటి ధరను నేడే అడుగుట భూమి అమ్మువారి ఆచారము. అందుచేత కొనువారి చూపు మరికొంత ముందుకు జరిగి చేగుంట చుట్టుప్రక్కల పొలములమీద నిలిచినది.

కల్లకల్లులో ఒక కర్మాగారమున ఫిట్టరుగా పనిచేయు మా పినతండ్రిగారి కుమారుడు మేడ్చల్‌లో అద్దెకుండును. ఒక ఆదివారమునాడు, "అన్నా, నువ్వొక్కసారి వచ్చి చూస్తే మాకు ధైర్యం" అని నన్ను చేగుంటకు తీసికొనిపోయినాడు. మా మరదలు కూడ వచ్చినది. రహదారినుండి లోపలికి మట్టిబాటలో కొంత దూరము పోయిన తరువాత సున్నపు గీతలు గీసిన చేను, నాలుగు మూలల తెల్లరాళ్లు, రంగుల జెండాలు కనబడినవి. ప్లాట్లు చూపుటకు వచ్చిన యువకుడు మాటకారి. గాలి, నీరు, రోడ్డు, రానున్న బడి అన్నియు చెప్పినాడు. ధర నిజముగా తక్కువే. మావాడు అప్పటికే మనసులో పునాది తీసినాడు.

అప్పుడు మా మరదలు అడిగినది: "దీని మీద బ్యాంకు లోన్ ఇస్తదా?"

"బ్యాంకెందుకమ్మా! మూడేండ్ల వాయిదాల మీద మాకే కట్టుండ్రి. వడ్డీ లేదు. గుంటల లెక్కన రిజిస్ట్రేషన్ చేసిస్తం" అన్నాడు ఆ యువకుడు.

ఆమె నా వంక చూచి, "బావగారూ, బ్యాంకు ఇయ్యదంటే ఏమో ఉన్నట్టే గదా?" అన్నది. నేను ఈ ప్రసంగమునకై చదివిన నియమములన్నిటికంటె ఆ ప్రశ్న విలువైనది. చవకైన చోటు వెదకుట ఒక పని, చవకైన వడ్డీ వెదకుట వేరొక పని అని మనము అనుకొందుము. ఆ చేనిలో నిలుచుండి చూచినప్పుడు అవి రెండును ఒకే పని అని నాకు తోచినది.

ఎట్లన, ముందుగా ధర ఎందుకు తగ్గినదో చూతము. ఎకరమునకు నలుబది గుంటలు, గుంటకు 121 గజములు. వెరసి 4,840 గజములు. అనుమతి పొందిన లేఅవుటులో తగినంత వెడల్పుగల రోడ్లు విడువవలెను. ఖాళీ స్థలము విడిచి పంచాయతీకి అప్పగింపవలెను. మురుగునీటికి, విద్యుత్తునకు ఏర్పాట్లు చేయవలెను. వీనికి భూమిలో మూడవ వంతు, ఒక్కొక్కచో అంతకు మించియు, పోవుట సామాన్యము. లెక్కకై, భూమి గజమునకు వేయి రూపాయల చొప్పున పడినదనుకొందము. మూడవ వంతు రోడ్లకు, ఖాళీ స్థలమునకు పోయినచో, మిగిలిన గజము అమ్మువానికే పదునైదువందలు పడును. రోడ్ల ఖర్చు దానిపై వేరు. అనుమతి లేనివాడు గజము పండ్రెండువందలకు ఇచ్చుచున్నాడనిన, అతనికి మనమీద దయ కలిగి కాదు. మన ఇంటి ముందు ఉండవలసిన రోడ్డును కూడ అతడు వేరొకనికి అమ్మినాడన్నమాట.

ఇట్టి ప్లాట్లు కొన్నవారి అనుభవము తెలంగాణములో అందరికిని తెలిసినదే. 2020 ఆగస్టు 26వ తేదీని గీతగా పెట్టి, అంతకు ముందు ఏర్పడిన అనధికార లేఅవుట్లలోని ప్లాట్లను రుసుము కట్టించుకొని క్రమబద్ధము చేయు పథకమును ప్రభుత్వము ప్రకటించినది. లక్షలాది కుటుంబములు వేయి రూపాయలు కట్టి దరఖాస్తులు పెట్టుకొని ఏండ్ల తరబడి ఎదురుచూచినవి. 2025లో గడువు పెట్టి, రుసుములో ఇరువది యైదు శాతము రాయితీ ఇచ్చినారు. కొన్ననాడు మిగిలినదనుకొన్న సొమ్ము ఈ విధముగా వెనుకకు పోవును. ఆ తేదీ తరువాత గీసిన సున్నపు గీతలకు ఆ పథకమునందు చోటు లేదు.

బ్యాంకువారు ఈ సంగతి ఎరుగుదురు. గృహఋణము అనగా ఇంటిని తాకట్టు పెట్టుకొని ఇచ్చు అప్పు. అప్పు తీరనిచో ఆ ఇంటిని వేలము వేయవలసివచ్చును గావున, చెల్లని పట్టా, అనుమతి లేని లేఅవుటు వారికి పనికిరావు. వారి న్యాయవాది పత్రములు చదువును. వారి ఇంజనీరు స్థలము చూచును. ఈ పరిశీలనకు మనము కట్టు రుసుము కొలది వేల రూపాయలే. ఆ న్యాయవాది మన పక్షమున వాదించువాడు కాడు, బ్యాంకు పక్షపువాడు. అయినను ఈ ఒక్క విషయమున మన లాభమును బ్యాంకు లాభమును ఒక్కటే. బ్యాంకు ఔనన్నంత మాత్రమున అంతయు సవ్యమని ధీమాగా ఉండరాదు గాని, కాదన్నప్పుడు మాత్రము కారణము వ్రాసి ఇమ్మని అడిగి తెలిసికొనవలెను.

మనము స్వయముగా చూచుకొనవలసినవి కొన్ని ఉన్నవి. చేను చేనుగానే ఉన్నదా, వ్యవసాయేతర భూమిగా మారినదా అనునది మొదటి ప్రశ్న; దీనినే జనులు నాలా అందురు. మెదకు ప్రాంతమున పేదలకు ప్రభుత్వము పంచిన భూములు, అనగా లావణి పట్టాలు, చాల కలవు. 1977 నాటి చట్టము ప్రకారము అట్టి అసైన్డు భూమిని కొన్నచో ఆ కొనుగోలు చెల్లదు. కొన్నవాడు మంచివాడైనను చెల్లదు. సర్వే నంబరు నిషేధిత భూముల జాబితాలో ఉన్నదేమో సబ్ రిజిస్ట్రారు కార్యాలయములో తెలియును. ముప్పది ఏండ్ల వెనుకనుండి ఈసీ తీయించి, భూమి ఎవరి చేతినుండి ఎవరి చేతికి వచ్చినదో, నడుమ ఎక్కడ తాకట్టు పడినదో వరుసగా చదువవలెను. అయిదువందల చదరపు మీటర్లకు మించిన భూమిలో గాని, ఎనిమిదికి మించిన ప్లాట్లతో గాని వేసిన లేఅవుటు అయినచో 2016 నాటి రెరా చట్టము క్రింద నమోదు కావలెను. ఆ నమోదు సంఖ్య ప్రకటన కాగితముమీద ఉన్నంతమాత్రమున చాలదు. అది ఆ లేఅవుటుదే అగునో కాదో రెరావారి జాబితాలో సరిచూడవలెను. ఒక లేఅవుటు సంఖ్యతో ప్రక్క లేఅవుటు అమ్ముట వినని సంగతి కాదు.

ఇక వడ్డీ సంగతి.

పూర్వము ఇంటికి అప్పిచ్చుటకే ప్రత్యేకముగా ఏర్పడిన సంస్థలు మన దేశమున అరుదు. హెచ్.డి.ఎఫ్.సి. 1977లో పుట్టినది, జాతీయ గృహనిర్మాణ బ్యాంకు 1988లో వచ్చినది. అంతకు ముందు ఉద్యోగస్థుడు భవిష్యనిధిలో సొమ్ము తీసి, సహకార సంఘములో చేరి, భార్య నగలు కుదువబెట్టి ఇల్లు కట్టెడివాడు. పల్లెలో అయినచో నూటికి రెండు రూపాయల వడ్డీ. ఈ రెండు రూపాయల మాట మన చెవికి ఎంత మెత్తగా ఉండునో! నెలకు రెండు రూపాయలనగా ఏటికి ఇరువదినాలుగు శాతము.

దీనిని ఒక లెక్కలో పెట్టి చూతము. ఇరువదియైదు లక్షల రూపాయల ఇల్లు. బ్యాంకు ఇరువది లక్షలు ఇచ్చినది. ఏటికి ఎనిమిదిన్నర శాతము చొప్పున, ఇరువది ఏండ్లలో తీర్చునట్లు నెలసరి వాయిదా 17,356 రూపాయలు. కొనువాడు చేతినుండి పెట్టవలసినది అయిదు లక్షలు. తెలంగాణములో స్టాంపు, రిజిస్ట్రేషను రుసుములు కలిపి 2021 జూలైలో ఆరు శాతమునుండి ఏడున్నర శాతమునకు పెరిగినవి. ఆ లెక్కన మరి 1,87,500. ఈ అయిదు లక్షలు చేత లేక రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో, నెలకు పదివేలు కేవలము వడ్డీకే పోవును. అసలు అట్లే ఉండును. ఇరువది లక్షలకు పదునేడువేలు, అయిదు లక్షలకు పదివేలు! ఇంటి కొనుగోలులో సంసారములు మునుగునది పెద్ద అప్పులో కాదు, ఈ చిన్న అప్పులోనే అని నా అభిప్రాయము. చేతి సొమ్ము చాలకున్నచో ఒక ఏడు ఆగి కూడబెట్టుట మేలు. లేదా చిన్న ఇల్లు చూచుకొనుట మేలు.

బ్యాంకుల వడ్డీని ఒకదానితో ఒకటి పోల్చునప్పుడు ప్రకటనలోని పెద్ద అక్షరముల అంకెను చూచి నిర్ణయింపరాదు. అది మిక్కిలి మంచి పరపతిగలవారికి ఇచ్చు రేటు. మనకు వచ్చు రేటు మన జీతమునుబట్టి, పాత అప్పులు తీర్చిన తీరునుబట్టి ఉండును. దానిలో రెండు భాగములు కలవు. మొదటిది రెపో రేటు. బ్యాంకులు రిజర్వు బ్యాంకు వద్ద స్వల్పకాలమునకు తీసికొను అప్పునకు చెల్లించు వడ్డీ. రెండవది దానిపై బ్యాంకు వేసికొను అదనపు శాతము. 2019 అక్టోబరు 1వ తేదీనుండి బ్యాంకులిచ్చు కొత్త చరవడ్డీ గృహఋణములన్నియు రెపో వంటి బయటి కొలమానమునకు ముడిపెట్టవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. అంతకు ముందు, వడ్డీ పెరిగినప్పుడు ఆ వార్త బ్యాంకుకు వెంటనే చేరెడిది. తగ్గినప్పుడు దారి తప్పెడిది.

రెపో అందరికిని ఒక్కటే గావున, పోల్చవలసినది రెండవ భాగమునే. ఒకరు రెండున్నర కలుపుదురు, మరియొకరు మూడు కలుపుదురు. ఈ అర శాతము స్వల్పమని అనిపించును. కాని ఇరువది లక్షలకు ఎనిమిదిన్నర అయిన 17,356, ఎనిమిది అయిన 16,729. నెలకు 627 రూపాయలు. ఇరువది ఏండ్లలో లక్షన్నర. కొత్తవారిని పిలుచుటకు బ్యాంకు ఈ అదనపు శాతమును తగ్గించినను, పాతవారి తగ్గింపు దానంతట అది రాదు, పోయి అడుగవలెను. అడిగినను తగ్గింపనిచో అప్పును వేరొక బ్యాంకుకు మార్చుకొనవచ్చును. చరవడ్డీ గృహఋణమును ముందుగా తీర్చిన వ్యక్తులనుండి బ్యాంకులు జరిమానా తీసికొనరాదని 2012లోనే రిజర్వు బ్యాంకు నిషేధించినది. గృహఋణ కంపెనీలకు బయటి కొలమానపు నియమము వర్తింపదు. వారు తమ సొంత కొలమానము పెట్టుకొందురు. పత్రములు కొంచెము అటూ ఇటూ ఉన్నవారికి, జీతపు చీటీ లేనివారికి వారే దిక్కగుటయు నిజమే. అట్లు పోవువారు రెపో తగ్గినప్పుడు తమ వడ్డీ ఎప్పుడు, ఎంత తగ్గునో ముందే అడిగి వ్రాయించుకొనవలెను.

చిన్న సంస్థలు కొన్ని "ఏడు శాతం ఫ్లాట్" అని చెప్పును. వినుటకు బ్యాంకుకంటె తక్కువ. పది లక్షలు పదేండ్లకు అయిన ఏడు లక్షల వడ్డీ మొదటనే కలిపి, పదునేడు లక్షలను నూటయిరువది నెలలకు పంచుదురు. అసలు నెలనెల తరుగుచున్నను వడ్డీ తరుగదు. బ్యాంకు పద్ధతిలో లెక్కించినచో అది సుమారు 11.7 శాతము. ఈ మాయలు తెలియుటకే 2024 అక్టోబరు 1వ తేదీనుండి ముఖ్య వివరముల పత్రము ఇచ్చుట తప్పనిసరి చేసినారు. అందులో రుసుములు, బీమా అన్నియు కలిపిన వార్షిక శాతము ఒకటి ఉండును. రెండు బ్యాంకుల పత్రములు ప్రక్కప్రక్కన పెట్టి ఆ ఒక్క అంకెను చూచినచో చాలవరకు తేలిపోవును.

చరవడ్డీ అనగా పెరుగుటకు కూడ సిద్ధపడవలెను. 2020 మే నెలనుండి రెపో నాలుగు శాతము ఉండెను. 2022 మేలో పెరుగుట ఆరంభించి 2023 ఫిబ్రవరికి ఆరున్నర అయినది. అప్పుడేమి జరిగినదో చూడుడు. ఒకరు 6.75 శాతమునకు ఇరువది లక్షలు ఇరువది ఏండ్లకు తీసికొన్నారనుకొందము. వాయిదా 15,207. ఏడాది గడచిన తరువాత మిగిలిన అప్పు సుమారు 19 లక్షల 51 వేలు. లెక్క తేలికకై వడ్డీ ఒక్కసారిగా 9.25 అయినదనుకొందము. ఆ నెల వడ్డీయే 15,039! కట్టిన వాయిదాలో అసలునకు చేరినది నూట అరువది ఎనిమిది రూపాయలు. వాయిదా మార్చకుండ గడువు మాత్రము పొడిగించినచో ఆ అప్పు తీరుటకు దాదాపు నలుబదితొమ్మిది ఏండ్లు పట్టును. చాలమందికి ఈ పొడిగింపు జరిగిన సంగతియే తెలియలేదు. అందువలన 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు కొత్త నియమములు చేసినది. వడ్డీ మారినప్పుడు తెలియజేయవలెను. వాయిదా పెంచుకొందువా, గడువు పెంచుకొందువా, కొంత సొమ్ము ముందుగా కట్టెదవా అని అప్పు తీసికొన్నవానిని అడుగవలెను. శక్తి ఉన్నవారు వాయిదానే పెంచుకొనవలెనని నా సలహా. 2025లో రెపో ఫిబ్రవరినుండి జూనులోపల ఆరున్నరనుండి అయిదున్నరకు దిగినది. తగ్గినప్పుడు పాత వాయిదానే కట్టుచు గడువు తగ్గించుకొన్నవారు తెలివిగలవారు.

గడువు సంగతి కూడ ఇంతే. ముప్పది ఏండ్లకు పెట్టినచో అదే ఇరువది లక్షలకు వాయిదా 15,378కి దిగును. నెలకు రెండువేలు వెసులుబాటు. కాని మొత్తము వడ్డీ ఇరువదియొకటిన్నర లక్షలనుండి ముప్పదియైదు లక్షలు దాటును.

ఇప్పుడు తిరిగి చేగుంట దారికి వత్తము. పై లెక్కలో ఇరువది లక్షలకు 17,356 అయిన, లక్షకు 868 రూపాయలు. దూరపు చవకను కొలుచుటకు ఇదియే నేను వాడు కొలబద్ద. దూరము పోయినందున ప్రయాణమునకు నెలకు 868 రూపాయలు అధికముగా ఖర్చగుచున్నచో ఇంటి ధర లక్ష పెరిగినట్లే. భార్యాభర్తలిద్దరును నగరమునకు పనికి పోవుచు, బస్సులకు, మోటారు సైకిలు పెట్రోలుకు నెలకు అయిదువేలు అధికమైనచో, అయిదు లక్షల డెబ్బదియారువేల ధర తేడా దానితో సరి. పిల్లవాని కళాశాల, ముసలి తల్లికి ఆసుపత్రి, రాత్రి పాళీ ముగిసిన తరువాత దొరకని బస్సు, వీనికి రూపాయలు కట్టుట కష్టము. వడియారంలో రైలు ఆగును గదా అని సంతోషించువారు, అది తమ పని వేళకు ఆగునో లేదో ఒక వారము దినములు స్వయముగా ఎక్కి చూడవలెను.

ఈ కొలబద్దతో చూచినచో చేగుంట అందరికిని చవక కాదు. కొందరికి నిజముగా చవక. కొండాపూరులో ఉద్యోగము చేయువాడు ఇక్కడ ఇల్లు కొన్నచో రోడ్డుమీదనే కాపురము. కల్లకల్లు, మనోహరాబాదు, తూప్రాను వైపు కర్మాగారములలో పనిచేయువానికి సంగతి వేరు. అతడు ఉదయము నగరముపోవు రద్దీలో చిక్కుకొనకయే పనికి చేరును. తూప్రాను అతనికి ఇంకను దగ్గర, 2018నుండి మునిసిపాలిటీ కూడ. కాని ధర తేడా లక్షకు 868 చొప్పున తూచి చూచుకొనవలెను. చేగుంట ఊరిలోపలి పాత ఇండ్లను కూడ మరువరాదు. నీరు, వీధిదీపము, బడి, అంగడి ముందే ఉన్నవి. కాని గ్రామకంఠపు ఇండ్లకు కాగితములు తక్కువ. పంచాయతీ పన్ను రసీదులతోనే తరములు గడచిపోయినవి. అట్టి ఇంటికి బ్యాంకు ఒప్పుకొనుట కష్టమే. అడిగి చూచుటలో నష్టము లేదు.

ఖాళీ ప్లాటుకు ఇచ్చు అప్పునకు సాధారణముగా ఇంటి అప్పుకంటె వడ్డీ అధికము, ఇచ్చు భాగము తక్కువ. ఇన్ని ఏండ్లలో ఇల్లు కట్టవలెనను షరతు కూడ ఉండును. కావున ప్లాటు, నిర్మాణము కలిపి ఒకే అప్పుగా అడుగుట మంచిది.

మావాడు ఆ సున్నపు గీతల చేనిలో కొనలేదు. రహదారికి మరికొంత దూరమున అనుమతిగల లేఅవుటులో నూటయేబది గజములు చూచినారు. మొదట చూచినదానికంటె గజము ధర ఎక్కువ. అందుచేత వారు అనుకొన్న రెండువందల గజములు నూటయేబది అయినవి. రెండు బ్యాంకులలో అడిగినారు. మా మరదలు రెండు పత్రములు తెచ్చి, "బావగారూ, పెద్ద బ్యాంకుల వడ్డీ తక్కువుంది గని, బీమా పేరు మీద ఎక్కువ గుంజుతున్నరు" అని వ్రేలు పెట్టి చూపినది. ఆ బీమా తప్పనిసరియా అని నేను వ్రాసి అడుగుమన్నాను. తప్పనిసరి కాదని జవాబు వచ్చినది. దానిని తీసివేయించి ఆ బ్యాంకుననే తీసికొన్నారు.

అప్పు తీరిన పిదప చేయవలసినది ఒకటి మిగిలియున్నది. మూల పత్రములు ముప్పది దినములలో తిరిగి ఇయ్యవలెననియు, తమ తప్పువలన ఆలస్యమైనచో దినమునకు అయిదువేల రూపాయల చొప్పున పరిహారము చెల్లింపవలెననియు 2023 డిసెంబరు 1వ తేదీనుండి నియమము అమలులోనికి వచ్చినది. పత్రములు ఇంటికి తెచ్చుకొని పెట్టెలో పెట్టినంత మాత్రమున సరిపోదు. రిజిస్ట్రేషను కార్యాలయములో తాకట్టు రద్దు వ్రాయించి, మరల ఒక ఈసీ తీసి, తాకట్టు తొలగినట్లు అందులో ఎక్కినదో లేదో చూచుకొనవలెను.